గాలి చెప్పే పెట్టెకు సుంకం

మా చిన్నయ్య పోయి నెల దాటింది. చిన్నయ్య అంటే మా అయ్య తమ్ముడు, పేరు నూకరాజు. పండు వయసులో, తన మంచం మీద, కొడుకులూ కోడళ్లూ చుట్టూ ఉండగా పోయాడు. సముద్రాన్ని నమ్ముకున్న ఇంట్లో మగవాడు మంచం మీద కన్నుమూయడం అదృష్టమని వచ్చినవాళ్లందరూ అన్నారు. నేనూ తల ఊపాను. ఊపుతూనే ఏడ్చాను. డెబ్బయ్యో పడికి దగ్గరపడిన దాన్ని, బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, నలుగురిలో అలా చిన్నపిల్లలా ఏడుస్తానని నేనే అనుకోలేదు. అయ్య పోయినప్పుడు నాకు సరిగా ఏడవడం తెలియలేదు. ఆ బాకీ ఏదో ఇప్పుడు తీరుతోందనిపించింది.

పెద్ద దినం నాటికి చిన్నయ్య మనవడు సంతోష్ ఊరు చేరాడు. వాడిది కూడా ఓడ ఉద్యోగమే, కాకపోతే చిన్నయ్యలాగా కలాసీ పని కాదు, తెల్ల చొక్కా వేసుకుని మీటల ముందు కూర్చునే పని. సింగపూర్‌లో ఓడ దిగి విమానంలో వచ్చాడు. తాతను కడసారి చూడలేకపోయానని వాడూ ఏడ్చాడు. భోజనాలయ్యాక సంచి విప్పి, తల్లికి ఒక ఫోను, చెల్లెలికి ఒక ల్యాప్‌టాప్ తీసి చాప మీద పెట్టాడు. ఎవరెలా ఉన్నా నా నోరు ఊరుకోదు కదా, సుంకం ఎంత కట్టావురా అని అడిగాను. వాడికి ఆ మాటే ముందు తెలియలేదు. కస్టమ్స్ అని చెప్పాక నవ్వాడు. "ఈటికి సుంకమేటత్తా. పచ్చ బోర్డు కిందనుంచి నడిచి వచ్చీసేను. ఎవులూ ఆపనేదు" అన్నాడు. నేను లేచి బయటికి వచ్చి, సముద్రం కనిపించే వైపు అరుగు మీద కూర్చున్నాను. వాడి మీద కోపం కాదు. వాడు అంత తేలిగ్గా నడిచి వచ్చిన ఆ దారిలోనే మా ఇల్లు ఒకప్పుడు కూలిపోయింది, అది వాడికి ఎలా చెప్పాలో తెలియక వచ్చేశాను.

నౌపడలో రైలు దిగి సముద్రం వైపు నడిస్తే ముందు ఉప్పు మడులు వస్తాయి. మడిలో నీరు ఎండుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది, కాస్త బురదగా, కాస్త ఘాటుగా. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది, ఎందుకంటే అది తగిలిందంటే ఇల్లు దగ్గరపడినట్టే. మడులు దాటి ఇసుక దిబ్బ ఎక్కి దిగితే మా పేట. అన్నీ తాటాకు ఇళ్లే. మా ఇంటి ముందు ఎప్పుడూ చేపలు ఎండుతూ ఉండేవి, వాటి మీద వాలే కాకుల్ని తోలడం నా ఉద్యోగం. బడి నుంచి తెచ్చుకున్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో కర్ర ఊపుతూ చదువుకునేదాన్ని. నా చదువంతా అలా కాకుల మధ్యే సాగింది. గుమ్మం పక్కన అయ్య వల చిక్కు తీస్తూ కూర్చునేవాడు. కాలి బొటనవేలికి వల తగిలించుకుని, నోటితో దారం తెంపుతూ, ఎవరు దారిన పోయినా వాళ్లతో ఒక వేళాకోళం ఆడేవాడు. లోపల పొయ్యి మీద చోడి అంబలి కుత కుత ఉడుకుతూ ఉండేది.

మా ఇంట్లోకి కొత్త వస్తువు రావడమే అరుదు. వస్తే మాత్రం మా అమ్మ పోలమ్మ చేయి పడకుండా దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ వీల్లేదు. కొత్త వలైనా, తెడ్డైనా, చేటైనా, ఆఖరికి నా బడి పలకైనా సరే. పసుపు తడిపి మూడు వేళ్లతో రాసి, దాని మధ్యలో కుంకుమ అద్ది, ఇంట్లో ఎవరి కోసం ఆ వస్తువు వచ్చిందో వాళ్ల పేరు చెప్పి, చల్లగా చూడమని గంగమ్మకు దణ్ణం పెట్టేది. నా పలక చెక్క మీది పసుపు చూసి, దీన్ని కూర వండుకుంటావా రాసుకుంటావా అని మా మేష్టారు ఏడిపించారు. నేను సిగ్గుపడి ఇంటికొచ్చి తుడవబోతే అమ్మ నా చేయి పట్టుకుని ఆపింది. బొట్టు దానంతటదే రాలిపోవాలి, మనం తుడవకూడదు. ఆ సంగతి మా పేటలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

అయ్యకు ఒక అన్న ఉండేవాడట. నేను పుట్టకముందే, కార్తీక మాసపు గాలిలో తెప్పతో సహా పోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. కానీ ఆశ్వయుజం సగానికి వచ్చిందంటే అమ్మ నడక మారిపోయేది. నౌపడలో చేపలు అమ్మేశాక తిన్నగా ఇంటికి రాకుండా, ఉప్పు షావుకారు గారి కొఠారు ఆఫీసు అరుగు దగ్గర ఆగేది. మా చుట్టుపక్కల రేడియో ఉన్నది అక్కడొక్కటే. సాయంత్రం వార్తలయ్యాక, సముద్రంలో గాలి లేవబోతుంటే చేపలవాళ్లకు హెచ్చరిక చదివేవారు. గుమస్తా మొదట్లో విసుక్కునేవాడట, గంప వాసన ఆఫీసులోకి వస్తోందని. అమ్మ అతనికి గుప్పెడు ఎండు నెత్తళ్లు కట్టి ఇచ్చాక ఆ వాసన అతనికి అలవాటైపోయింది. విన్నది విన్నట్టు మోసుకుని, చీకటి పడేలోగా మడుల గట్ల మీద పరుగులాంటి నడకతో వచ్చేది. దూరం నుంచి ఆమెను చూసి, అదిగో మా రేడియో వస్తున్నాది అని అయ్య కేకేసేవాడు. పేటలో మిగతా మగవాళ్లు కూడా వచ్చి నిలబడేవారు. అమ్మ గాలి లేదంటే తెప్పలు దిగేవి, వాయుగుండం ఉన్నదంటే ఇసుక మీదే ఉండిపోయేవి.

చిన్నయ్య తెప్ప వదిలి ఓడ ఎక్కడం మా పేటలో పెద్ద వార్త. పట్నం రేవులో ఇనుప రాయి నింపుకుని జపాన్ వెళ్లే ఓడ అది. కండ బలిసిన కుర్రవాళ్లు కావాలని ఎవరో చెబితే వెళ్లి కలాసీగా చేరాడు. మొదటిసారి వెళ్లేటప్పుడు ఎవరికి ఏమి కావాలని అడిగితే పేటంతా ఆర్డర్లు ఇచ్చింది. ఒకరికి వాచీ, ఒకరికి నైలాను చీర, ఒకరికి జేబు దీపం. అందరికీ తెస్తానని మాట ఇచ్చేశాడు, అసలు తనకు వచ్చే జీతమెంతో తనకే తెలియదు. అమ్మ అందరి మాటలూ అయ్యేదాకా ఆగి, తన మాట చెప్పింది.

"నాకు సీరా వొద్దు, ఏటీ వొద్దురా. కొఠారుకాడ ఉన్నాదే, అలగ మాట్లాడే పెట్టొకటి తే. మీ అన్న ఇంటికాడే గాలి కబురు ఇనాల. నాను ఎల్లనేని రోజు కూడా ఇనాల."

తెస్తానన్నాడు. అమ్మ పసుపూ కుంకుమా చిన్న గుడ్డలో మూటగట్టి చిన్నయ్య సంచిలో పెట్టింది. ఏ కొత్త వస్తువు కొన్నా ముందు బొట్టు పెట్టుకోమని, ఓడ మీద కదా అని వదిలెయ్యవద్దని చెప్పింది. ఎగతాళి చేస్తాడేమో అనుకున్నాను. చేయలేదు. మూటను సంచి అడుగుకు, బట్టల కిందకు నెట్టి జాగ్రత్త చేశాడు.

ఓడ తిరిగొస్తున్నదని కబురు తెలిశాక, అమ్మ నన్ను తీసుకుని పట్నం బయల్దేరింది. బోర్డులు చదవడానికి నేను. రైల్లో తినడానికి ఉడకబెట్టిన చిలగడదుంపలు, పట్నంలో మేము దిగబోయే చుట్టాలింటికి ఒక బుట్టెడు ఎండుచేపలు. ఆ బుట్ట పుణ్యమాని రైలు పెట్టెలో మా చుట్టూ కావలసినంత చోటు దొరికింది. కిటికీ పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని, జీవితంలో మొదటిసారి దర్జాగా ప్రయాణం చేశాను. దారి పొడుగునా అమ్మ ఆ మాట్లాడే పెట్టెను ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తూనే ఉంది. పొయ్యి దగ్గరైతే పొగ కొడుతుంది, గుమ్మం దగ్గరైతే ఉప్పు గాలి తగులుతుంది. అటక మీదైతే అయ్యకు వినిపించదు. చివరికి అయ్య తలగడ పక్కన అని తేల్చింది. అంత సంతోషంగా మా అమ్మ ముఖం నేను మళ్లీ చూడలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు కష్టంగా ఉంది, కానీ నిజం.

రేవు గేటు పక్కన పొడుగాటి రేకుల షెడ్డు. అందులో ఒక పెద్ద బల్ల. ఓడ దిగినవాళ్లు తమ సంచులు ఆ బల్ల మీద కుమ్మరించాలి, కస్టమ్స్ వాళ్లు చూసి సుంకం ఏయే వాటికో చెప్పాలి. మేము ఇనుప జాలీ ఇవతల నిలబడి చూస్తున్నాం. ఆ రోజుల్లో బయటి దేశం నుంచి వచ్చే రేడియో అంటే కొన్న ఖరీదుకు మించి సుంకం పడేది. తను ఏళ్ల తరబడి వాడుకుంటున్న పాత సామానైతే చూసీ చూడనట్టు వదిలేవారని ఓడ మీద పాతవాళ్లు చిన్నయ్యకు నేర్పారు. వాళ్లు చెప్పినట్టే అన్నీ చేశాడు. అట్టపెట్టెను సముద్రంలో పారేశాడు. ట్రాన్సిస్టర్ మూలల్ని ఓడ ఇనుముకు రాసి రంగు పోగొట్టాడు. తోలు తొడుగుకు వంట నూనె పట్టించి, మాసిన లుంగీలో చుట్టి తెచ్చాడు. బల్ల మీద పెట్టినప్పుడు చూస్తే అది నిజంగానే పదిమంది చేతులు మారిన దానిలా ఉంది.

బల్ల అవతల ఆఫీసరు వయసులో పెద్దవాడేమీ కాదు. కళ్లద్దాలు, సన్నటి మనిషి. మన తెలుగే, కాకపోతే కృష్ణా జిల్లా వైపు మాట. ఎన్నాళ్ల నుంచి వాడుతున్నావని అడిగితే, రెండేళ్లయింది బాబూ అన్నాడు చిన్నయ్య. ఆయన తల ఊపి, పక్కన పెట్టెయ్యబోయి, అలవాటు కొద్దీ తోలు తొడుగు గుండీ విప్పాడు. తొడుగు జారింది. రేడియో వెనక పలక మీద మూడు వేళ్ల పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. అంచు కూడా చెదరలేదు. చిన్నయ్య తల దించుకున్నాడు. ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకుని దాన్ని చూశాడు. ఆ తరువాత ఆయన అన్న మాటలో కోపం లేదు, అందుకే నాకు బాగా గుర్తుండిపోయింది.

"మా ఇంట్లోనూ ఇలాగే పెడతారయ్యా. పాతవాటికి పెట్టరు."

కొత్తదని తేలిపోయింది. సుంకం, దాని మీద అబద్ధం చెప్పినందుకు జరిమానా. ఆ మొత్తం వింటూనే చిన్నయ్య బల్ల పట్టుకున్నాడు. అప్పుడు అమ్మ, ఎవరూ పిలవకుండానే, జాలీ తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె కొంగు పట్టుకుని నేనూ వెళ్లాను. అంత పెద్ద మనుషుల ముందు అమ్మ నోరు పెగులుతుందని నేననుకోలేదు.

"బాబూ, ఇది పాటలకి కాదు. మా ఆయిన తెప్ప మీద ఎల్తాడు. గాలి ఎప్పుడొస్తాదో ముందు తెలవాల. తెమ్మన్నది నాను. వాణ్ణేటీ అనకండి."

ఆయన అమ్మను కూర్చోమన్నాడు. అమ్మ కూర్చోలేదు. నాకు మంచినీళ్లు ఇప్పించాడు. మీరు చెప్పేది నిజమే అయి ఉంటుందనీ, కానీ ఈ బల్ల మీదకు వచ్చే ప్రతి వస్తువు వెనకా ఎవరిదో ఒక అవసరం ఉంటుందనీ, తాను వదిలేస్తే రేపు తన ఉద్యోగం ఉండదనీ నెమ్మదిగా చెప్పాడు. చేయగలిగింది ఒకటే ఉందన్నాడు. పెట్టెను గిడ్డంగిలో ఉంచుతారు, గడువులోగా డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. గడువు దాటితే వేలం వేస్తారు. ఒక చీటీ రాసి చిన్నయ్య చేతికిచ్చాడు. ఆ మనిషిని నేను ఎన్నోసార్లు తలుచుకున్నాను. తిట్టుకుందామని కూడా ప్రయత్నించాను. కుదరలేదు.

గేటు బయట ఒక గోడ నీడన కూలబడ్డాం. అమ్మ నెమ్మదిగానే అడిగింది, దిగేముందు ఆ బొట్టు తుడిచేస్తే పోయేది కదరా అని. అన్నీ చేసినవాడు అది ఎలా మరిచిపోయాడని ఆమెకు ఆశ్చర్యం.

"మర్సిపోనేదు వదినా. గుడ్డ తడిపి సేతిలోకి తీసుకున్నాను. అన్న పేరు సెప్పి ఎట్టిన బొట్టు. తుడవడానికి సెయ్యి రానేదు" అన్నాడు.

అమ్మ చిన్నయ్య తల మీద చేయి వేసి, మంచి పని చేశావంది. ఇది పట్నంలో ఎవరికి చెప్పినా నవ్వుతారు. చదువుకున్న నా స్నేహితురాళ్లు కూడా నవ్వారు. బొట్టు తుడవడమంటే మా ఇళ్లల్లో ఏమిటో, ఏ రోజున ఏ ఆడదానికి తుడుస్తారో తెలిసినవాళ్లెవరూ నవ్వరు. మా పేటవాళ్లెవరు ఆ ఓడ మీద ఉన్నా, ఎంత సుంకం పడుతుందని తెలిసినా, ఆ గుడ్డ కింద పడేసి ఉండేవారు. అన్న పేరు మీద పెట్టిన బొట్టును చేతులారా తుడిచి, అన్న చల్లగా ఉండాలని ఎలా కోరుకుంటాడు?

ఇంటికొచ్చి చెబితే అయ్య పగలబడి నవ్వాడు. సర్కారు వాళ్లకు మా ఇంటి బొట్టు అంత విలువైనదని ఇన్నాళ్లూ తెలియలేదే అన్నాడు. నవ్వాడే గానీ, అమ్మ ముఖం చూశాక ఊరుకోలేకపోయాడు. చిన్నయ్య జీతం పేటవాళ్ల చీరలకూ వాచీలకూ అయిపోయింది, మళ్లీ ఓడ ఎక్కితేనే డబ్బు. ఇంట్లో అమ్మడానికి వల తప్ప ఏముంది? మామూలుగా ఆశ్వయుజం సగం దాటాక అయ్య వారంలో సగం రోజులు ఇసుక మీదే గడిపేవాడు. ఆ ఏడు మాత్రం వీలైన ప్రతి రోజూ దిగడం మొదలుపెట్టాడు. తెప్ప తడవకుండా సుంకం ఎలా వస్తుందనేవాడు. అమ్మ కూడా ఒక్క రోజు మానకుండా నౌపడ వెళ్లి కబురు మోసుకొచ్చేది. ఆమె సరేనన్న రోజే అయ్య దిగేవాడు. అలా కొంత కూడింది. అమ్మ దాన్ని ఉప్పు కుండ వెనక దాచేది.

నాగులచవితి నాడు అమ్మ వెళ్లేసరికి కొఠారు ఆఫీసుకు తాళం వేసి ఉంది. పండగ కదా, గుమస్తా తన ఊరు వెళ్లిపోయాడు. అమ్మ అరుగు మీద పొద్దు వాలేదాకా కూర్చుని, ఎవరైనా వస్తారేమో చూసి, ఉత్త చేతులతో వచ్చింది. ఆ సాయంత్రం మా పేట అంతా పండగ చిమ్మిలి వాసనతో ఉంది. అమ్మ అయ్యతో, ఏమీ తెలియలేదు, రేపు వెళ్లవద్దంది. అయ్య బయటికి వెళ్లి ఆకాశం చూశాడు, వేలు తడి చేసుకుని గాలికి పట్టి చూశాడు. అంతా తేటగా ఉంది. గడువు దగ్గరపడుతోంది, ఇంకొక్క మంచి రోజు దొరికితే డబ్బు సరిపోతుంది.

"ఆ పెట్టె ఇంటికి వచ్చీనీ. ఆ తరవాత నీ మాటే నా మాట" అన్నాడు.

తెల్లారకముందే వెళ్లిపోయాడు. నేను నిద్రలో ఉన్నాను. పక్కింటి కొర్లయ్య కూడా అయ్యతో వెళ్లాడు. చిన్నయ్య ఆ రోజు ఊళ్లో లేడు, ఓడ కంపెనీలో జీతం ముందుగా ఇమ్మని అడగడానికి పట్నం వెళ్లాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. పేపర్లకెక్కేంత తుఫానేమీ కాదది. మా పేటలో నాలుగు ఇళ్ల కప్పులు లేచిపోయాయి, మడుల్లో ఉప్పు కరిగిపోయింది, అంతే. కొర్లయ్య మర్నాడు ఒక కట్టెను కరుచుకుని ఎక్కడో దూరాన ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అయ్య రాలేదు. ఏమీ రాలేదు, తలకు చుట్టుకునే గుడ్డ కూడా. పండగ సాయంత్రం రేడియోలో హెచ్చరిక చదివారని ఆ తరువాత తెలిసింది. చదివినవాళ్లు చదివారు, తాళం వేసిన గదిలో వినడానికి ఎవరూ లేరు.

తరువాత అందరూ తలా ఒక మాట అన్నారు. బొట్టు తుడవని చిన్నయ్యను కొందరు, లేనిపోని పెట్టె కోరిన అమ్మను కొందరు, సర్కారును కొందరు. నేను పెద్దదాన్నై సాంఘిక శాస్త్రం పాఠాలు చెప్పే రోజుల్లో, సుంకాలు ఎందుకు వేస్తారో పిల్లలకు నేనే వివరించేదాన్ని. దేశం బీదది, విదేశీ డబ్బు కొరత, మన ఫ్యాక్టరీలు నిలదొక్కుకోవాలి, సరదా వస్తువుల మీద పన్ను వేస్తేనే అవసరాలకు డబ్బు వస్తుంది. అన్నీ సబబైన కారణాలే. ట్రాన్సిస్టరు సరదా వస్తువుల వరసలో ఉండేది. బోర్డు మీద ఆ మాట రాసేటప్పుడు నా చేయి ఆగేది. పిల్లలు నా వీపు వైపు చూస్తూ కూర్చునేవారు. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియని దుఃఖం చాలా చెడ్డది. అది ఎక్కడికీ పోదు.

చిన్నయ్య మళ్లీ ఓడ ఎక్కలేదు. అయ్య వల భుజాన వేసుకుని మా ఇంటికి మగదిక్కయ్యాడు. నా చదువు ఆగకుండా చూసింది ఆయనే. పెళ్లి కూడా ఆలస్యంగా చేసుకున్నాడు. ప్రతి ఏడూ కార్తీకంలో ఏదో ఒక రోజు నా దగ్గరికొచ్చి, బొట్టు తుడిచేసి ఉంటే అన్న ఉండేవాడా అని అడిగేవాడు. ఉండేవాడు కాదు అని నేను చెప్పేదాన్ని. అలా చెప్పడానికి నాకు ఏ ఆధారమూ లేదు. ఇప్పుడు మా పేటలో పిల్లాడి చేతిలోని ఫోను కూడా రేపటి గాలి ఏ మూల నుంచి వస్తుందో రంగులు వేసి చూపిస్తుంది. తుఫాను పుట్టకముందే దానికి పేరు కూడా పెట్టి పంపిస్తారు. సంతోష్ తెచ్చిన ఫోనుకు సుంకం లేదు, కస్టమ్స్ వాళ్లు వాడి ముఖం కూడా చూడలేదు. మంచిదే. వాడి పిల్లలకు ఈ కథ అర్థం కానంత మంచి రోజులు రావాలనే నా కోరిక. అయినా నాలో ఒక మూల ఒక పిచ్చి పంతం ఉంది. ఇంత తేలిగ్గా వదిలేయగలిగిన దాన్ని ఆనాడు ఎందుకు వదల్లేదని అడగాలనిపిస్తుంది. ఎవరిని అడగాలో తెలియదు.

ఆ పెట్టె మా ఇంటికి రాలేదనుకుంటారేమో. వచ్చింది. అయ్య దినాలయ్యాక చిన్నయ్య తన వాచీ, ఓడ మీద కొనుక్కున్న మంచి బట్టలూ అమ్మేసి, ఉప్పు కుండ వెనక ఉన్న డబ్బు కలిపి, గడువు ఆఖరున వెళ్లి విడిపించుకొచ్చాడు. బల్ల దగ్గర అదే ఆఫీసరు ఉన్నాడట. గుర్తుపట్టి, మీ అన్న బాగున్నాడా, ఇక గాలి కబురు ఇంట్లోనే వింటాడులే అన్నాడట. బాగున్నాడు బాబూ అని చెప్పి వచ్చేశాడు చిన్నయ్య. అలా ఎందుకు చెప్పావని నేను అడిగితే, ఆ బాబు నవ్వుతూ అడిగాడు, ఎలా చెప్పను అన్నాడు. ఈసారి అబద్ధం దొరకలేదు.

ఆ సాయంత్రం రేడియోను అమ్మ ముందు పీట మీద పెట్టి చిన్నయ్య మీట తిప్పాడు. కాసేపు గరగరలాడింది. తరువాత ఒక మగగొంతు, చాలా దగ్గరగా, గదిలో కూర్చుని మాట్లాడుతున్నట్టు వార్తలు చదివింది. అమ్మ పరాయి మగవాడు ఇంట్లోకి వచ్చినట్టు కొంగు తల మీదికి లాక్కుంది. వార్తలయ్యాక హెచ్చరిక వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం, ఈదురు గాలులు, చేపల వేటకు సముద్రంలోకి ఎవరూ వెళ్లవద్దు. చిన్నయ్య ఆ మాట పూర్తికాకుండానే లేచి, పేటవాళ్లకు చెప్పడానికి ఒడ్డుకు పరిగెత్తాడు. ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. ఆ గొంతు ఆ హెచ్చరికనే రెండోసారి మొదటినుంచి చదివింది. అమ్మ పెట్టె దగ్గరికి జరిగింది.

"ఎల్లడు బాబూ" అంది నెమ్మదిగా, "ఇంకెల్లడు."